ఈహెచ్ఆర్‌లు వచ్చేశాక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకోవడం దండగేనా?

సూర్యాపేట నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది, క్లుప్తంగా మళ్లీ చెప్తున్నాను. బీజెడ్‌సీతో డిగ్రీ చేశారు, రెండేళ్ల బాబు ఉన్నాడు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ (అమెరికా డాక్టర్లు డిక్టేట్ చేసింది విని టైప్ చేసే పని) కోర్సుకి 45 వేలు అడుగుతున్నారు. వంద శాతం ప్లేస్‌మెంట్, ఇంట్లో కూర్చుని పని అంటున్నారు. మరిది మాత్రం "అమెరికాలో ఆసుపత్రులన్నీ ఈహెచ్ఆర్‌లోకి మారిపోయాయి వదినా, ఆ పని ఎప్పుడో పోయింది" అంటున్నాడట. (ఈహెచ్ఆర్ అంటే పేషెంట్ల రికార్డుల్ని కంప్యూటర్లో రాసి ఉంచే సిస్టమ్.) ఎవరి మాట వినాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ 45 వేలు కట్టకండి. మీ మరిది చెప్పింది ముప్పావు వంతు నిజం. విని టైప్ చేసే పని దాదాపు పోయింది. టైపయినదాంట్లో తప్పు పట్టే పని మిగిలింది, దానికి గిరాకీ కూడా ఉంది. కానీ ఆ పనికి కొత్తవాళ్లను తీసుకోవడం లేదు. మీ ఇబ్బంది అంతా ఈ చివరి ముక్కలోనే ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను 2001లో ఈ లైన్‌లోకి వచ్చాను. అప్పట్లో హైదరాబాద్‌లో సందుకో ఎంటీ (మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్) ఇన్‌స్టిట్యూట్ ఉండేది. మా అమ్మ గొలుసు తాకట్టు పెట్టి 18 వేలు కట్టాం. నాలుగో నెలలో ఒక సోమవారం వెళ్లేసరికి షట్టర్ దించేసి ఉంది, మెట్ల మీద మేం నలభై మందిమి. (కాబట్టి ఇన్‌స్టిట్యూట్ల గురించి నా మాటల్లో కొంచెం కారం కనిపిస్తే అర్థం చేసుకోండి.) తర్వాత ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరి టైపింగ్, ఎడిటింగ్, క్యూఏ (అయిన రిపోర్టుల్లో తప్పులు సరిచూడటం), ట్రైనింగ్ అన్నీ చేశాను. ఇప్పుడు ఏఐ రాసిన డాక్టర్ నోట్స్ సరిచూసే టీమ్‌లో ఉన్నాను.

మా పని ఎలా ఉండేదో తెలిస్తే ఏం పోయిందో మీకు తెలుస్తుంది. అమెరికాలో డాక్టర్ పేషెంట్లను చూడటం అయ్యాక ఫోన్ తీసి గబగబా డిక్టేట్ చేసేవాడు. అక్కడ సాయంత్రం అంటే మనకు తెల్లవారుజాము. ఫైల్ ఇక్కడికి వస్తుంది, మామూలు రిపోర్టయితే 24 గంటల్లో తిరిగి పంపాలి, స్టాట్, అంటే అర్జెంటుది అయితే కొన్ని గంటల్లోనే. చెవులకు హెడ్‌ఫోన్స్, చేతులు కీబోర్డ్ మీద, కాలి కింద ఫుట్ పెడల్. మధ్యలో తొక్కితే ఆడియో నడుస్తుంది, పక్కన తొక్కితే వెనక్కి వెళ్తుంది. మొదటి ఏడాది ఒక నిమిషం డిక్టేషన్‌కి నాకు పది నిమిషాలు పట్టేది. డాక్టర్ శాండ్‌విచ్ తింటూ మాట్లాడితే ఇరవై. జీతం లైన్ల లెక్కన. లైన్ అంటే స్పేస్‌లతో కలిపి 65 అక్షరాలు.

అప్పుడు నేర్పిన మొదటి నియమం ఇదీ: వినపడకపోతే ఖాళీ వదులు, ఊహించి నింపకు. బ్లాంక్ పెట్టి, ఆడియోలో ఎన్నో నిమిషమో రాసి పైకి పంపాలి. మా క్యూఏ మేడమ్ బ్లాంక్‌కి ఏమీ అనేది కాదు, ఊహించి నింపితే మాత్రం ఇన్సెంటివ్ కోసేసేది. సెలెబ్రెక్స్, సెలెక్సా, సెరెబిక్స్ అన్నీ చెవికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకటి కీళ్ల నొప్పులకి, ఒకటి డిప్రెషన్‌కి, ఒకటి ఫిట్స్‌కి. పేరు సరిగా వినపడకపోతే రిపోర్ట్ పైకి వెళ్లి, ఈ మనిషికి అసలు జబ్బేంటో చూడాలి. డిస్ఫేజియా అంటే మింగడం కష్టం, ఒక్క అక్షరం మారి డిస్ఫేసియా అయితే మాట తడబడటం. మోకాలి కింద కాలు తీసేయడాన్ని "బిలో నీ యాంప్యుటేషన్" అంటారు. కొత్తవాళ్లు దాన్ని "బలోనీ యాంప్యుటేషన్" (బలోనీ అంటే ఒక రకం సాసేజ్) అని కొట్టడం మా దగ్గర అందరికీ తెలిసిన పాత జోకు.

ఇక ఈహెచ్ఆర్ సంగతి. 2009 ఫిబ్రవరిలో అమెరికా హైటెక్ చట్టం తెచ్చింది (మన హైటెక్ సిటీకి దీనికి సంబంధం లేదు). రికార్డుల్ని కంప్యూటర్లలోకి మార్చి, చెప్పిన పద్ధతిలో వాడిన డాక్టర్లకు, ఆసుపత్రులకు 2011 నుంచి డబ్బు ఇచ్చారు, మారనివాళ్లకు 2015 నుంచి మెడికేర్ (అక్కడ ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే ఆరోగ్య బీమా) చెల్లింపుల్లో కోత పెట్టారు. 2008లో అక్కడి ఆసుపత్రుల్లో పదింట ఒకదానికి కూడా కనీస స్థాయి ఈహెచ్ఆర్ లేదు. 2015 నాటికి నూటికి 96 ఆసుపత్రుల్లో ప్రభుత్వ సర్టిఫికెట్ ఉన్న సిస్టమ్ వచ్చేసింది.

దాంతో క్లినిక్ నోట్స్ మా చేతుల్లోంచి జారిపోయాయి. దగ్గు, జ్వరం, బీపీ చెకప్ లాంటివన్నీ టెంప్లేట్‌లో టిక్కులయ్యాయి. నాకు ఆ ఏడాదుల్లో రెండు అకౌంట్లు నెల రోజుల తేడాతో పోయాయి. ఆపరేషన్ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీలు, సైకియాట్రీ నోట్స్ లాంటి పొడుగాటివి నిలిచాయి, ఎందుకంటే ఆ కథ టిక్కుల్లో ఇమడదు. డాక్టర్లకు కూడా ఈహెచ్ఆర్ మీద ప్రేమేమీ లేదు. పేషెంట్‌తో గడిపే ప్రతి గంటకీ దాదాపు రెండు గంటలు ఈహెచ్ఆర్, డెస్క్ పనికే పోతున్నాయని 2016లో అక్కడి ఒక అధ్యయనం తేల్చింది. అందుకే పక్కన కూర్చుని రాసిపెట్టే స్క్రైబ్‌లు వచ్చారు, అంటే డిక్టేషనే ఇంకో దారిలో తిరిగొచ్చింది. కాబట్టి ఈహెచ్ఆర్ ఒక్కటే మమ్మల్ని ముంచిందంటే నేను ఒప్పుకోను.

మా రేటును దెబ్బకొట్టింది స్పీచ్ రికగ్నిషన్. ఈహెచ్ఆర్ హడావుడికి ముందే అది మా ఫ్లోర్‌లోకి వచ్చింది. డాక్టర్ మాటల్ని ముందు మెషీన్ టైప్ చేస్తుంది, ఆ డ్రాఫ్ట్‌ను మేం ఆడియో వింటూ దిద్దాలి. పని సగమైంది కదా అని లైన్ రేటు సగం చేశారు, కొన్ని అకౌంట్లలో సగానికంటే తక్కువ. కానీ పని సగమైతే కదా! టైప్ చేసేటప్పుడు ప్రతి మాటా చెవిలోంచి వేలికి వెళ్తుంది, మనసు మేల్కొని ఉంటుంది. ఎదురుగా రాసి ఉన్నదాన్ని చదువుతూ వింటే, స్క్రీన్ మీద ఏముందో చెవి కూడా అదే వింటుంది. ఒకసారి "నో ఎవిడెన్స్ ఆఫ్ మెటాస్టాసిస్" అని డాక్టర్ చెప్పిందాంట్లో ఆ "నో" మెషీన్ మింగేసింది. నేను రెండుసార్లు విన్నాను, రెండుసార్లూ స్క్రీన్‌లో ఉన్నట్టే వినపడింది. కింద "ఆరు నెలలకు ఫాలో అప్" అని చూసి, క్యాన్సర్ పాకినవాణ్ణి ఆరు నెలల దాకా ఇంటికి పంపిస్తారా అని అనుమానం వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లాను. ఆ రిపోర్ట్‌కి నాకు వచ్చింది పది రూపాయల లోపే.

ఇలాంటి తప్పుల వల్ల ఏమవుతుందో చెప్పడానికి నా ట్రైనింగ్‌లో మొదటి రోజు ఒక కేసు చెప్తాను. అలబామాలో ఒక ఆవిడ డిశ్చార్జ్ సమ్మరీలో ఇన్సులిన్ 8 యూనిట్లు ఉండాల్సింది 80 యూనిట్లని పడింది. సబ్‌కాంట్రాక్టుల మీదుగా ఆ డిక్టేషన్ ఇండియాకు వచ్చి ఇక్కడ టైపయింది. ఆమె చనిపోయింది. 2012 డిసెంబర్‌లో జ్యూరీ 140 మిలియన్ డాలర్లు కట్టమంది. ఈ కేసు చెప్పాక క్లాసులో కాసేపు కీబోర్డ్ చప్పుడు ఉండదు.

మూడో అల ఇప్పుడు నడుస్తోంది. డాక్టర్ డిక్టేట్ చేయక్కర్లేదు. గదిలో ఫోన్ పెట్టి పేషెంట్‌తో మామూలుగా మాట్లాడితే ఏఐ ఆ సంభాషణ విని నోట్ రాసేస్తుంది. మాటల్ని టైప్ చేసే డ్రాగన్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన న్యువాన్స్ కంపెనీ 2020లో ఇలాంటిది మార్కెట్లోకి తెచ్చింది. ఆ న్యువాన్స్‌నే మైక్రోసాఫ్ట్ 2022లో దాదాపు 19.7 బిలియన్ డాలర్లకు కొనేసింది. అంత డబ్బు ఎటు పోతుందో చూస్తే పని ఎటు పోతుందో అర్థమవుతుంది.

ఈ నోట్స్‌లో తప్పులు వేరే రకం. పాత మెషీన్ తప్పు చేస్తే వెర్రిగా ఉండేది, చూడగానే నవ్వొచ్చేది. కొత్తది తప్పు చేసినా వాక్యం చక్కగా, డాక్టరే రాసినట్టు ఉంటుంది. మొన్నామధ్య ఒక నోట్‌లో పేషెంట్‌కి "గతంలో స్ట్రోక్ వచ్చింది" అని ఉంది. మందుల లిస్టులో దానికి తగ్గ మందు ఒక్కటీ లేదు. ఆడియో వింటే, పక్కన కూర్చున్న భార్య "మా అన్నయ్యకి కూడా ఇలాగే మొదలై స్ట్రోక్ వచ్చింది డాక్టర్" అంటోంది. బావమరిది స్ట్రోక్ తీసుకొచ్చి ఈయన ఖాతాలో రాసేసింది. ఇంకోటి, డాక్టర్ స్టెతస్కోప్ పెట్టినట్టు ఆడియోలో ఎక్కడా లేకపోయినా "ఊపిరితిత్తులు క్లియర్" అని ఉంటుంది. డాక్టర్ మాట్లాడకుండా విన్నాడా, అసలు వినలేదా? నాకు తెలియదు. ఫ్లాగ్ చేసి డాక్టర్‌కే పంపాలి. పాత బ్లాంక్ నియమమే, కాకపోతే ఇప్పుడు ఆ బ్లాంక్‌ను మనమే కనిపెట్టాలి.

ఇక అసలు చిక్కు. ఈ స్ట్రోక్ తప్పును నేనెలా పట్టాను? మూడేళ్లు రోజుకు వెయ్యి లైన్లు కొట్టడం వల్ల. ఏ జబ్బుకి ఏ మందు, ఏ మాట తర్వాత ఏ మాట రావాలి అన్నది ఆ టైపింగ్‌లోనే ఒంటికి పట్టింది. ఇప్పుడు ఆ టైపింగే లేదు. క్యూఏ, ఎడిటర్ ఉద్యోగాల ప్రకటనలు చూడండి, మూడేళ్ల అనుభవం, ఐదేళ్ల అనుభవం అంటారు. కింది మెట్లన్నీ ఊడబీకేసి మేడ మీదికి రమ్మన్నట్టుంది. మా టీమ్‌లో అందరికంటే చిన్నామెకు ముప్పై ఎనిమిదేళ్లు. మేం రిటైరయ్యాక ఎవరు చూస్తారని మా మేనేజర్‌ని అడిగితే, అప్పటికి చూడక్కర్లేకుండా పోతుందన్నాడు. ఆయన నమ్మకం ఆయనది.

ఇంకొక్క సంగతి. అమెరికాలో ఈ వృత్తి వాళ్ల సంఘం ఒకటి 1978లో మొదలైంది. 2007లో పేరు మార్చుకుంటూ "ట్రాన్స్‌క్రిప్షన్" అన్న మాటే తీసేసి "హెల్త్‌కేర్ డాక్యుమెంటేషన్ ఇంటెగ్రిటీ" అని పెట్టుకున్నారు. హైటెక్ చట్టానికి రెండేళ్ల ముందే! వాళ్లకు గాలి ఎటు వీస్తోందో తెలిసింది, మన ఇన్‌స్టిట్యూట్లకు ఇంకా తెలియలేదు. తెలిసే అమ్ముతున్నారనుకుంటాను.

సరే, మరి మీరేం చేయొచ్చు?

మెడికల్ కోడింగ్ మీకు దగ్గర దారి. బీజెడ్‌సీ కాబట్టి చాలా కంపెనీల అర్హతకు సరిపోతారు. డాక్టర్ రాసిన నోట్ చదివి, జబ్బుకి ఐసీడీ కోడ్, చేసిన పనికి సీపీటీ కోడ్ వేయడం, వాటి మీదే ఇన్సూరెన్స్ డబ్బు వస్తుంది. 2015 అక్టోబర్ 1న అమెరికా ఐసీడీ-10కి మారినప్పుడు జబ్బుల కోడ్లు 14 వేల చిల్లర నుంచి 70 వేల దగ్గరకు పెరిగాయి, హైదరాబాద్‌లో మా ఎంటీ వాళ్లు చాలామంది అప్పుడే ఆ గట్టుకి దూకారు. సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ పరీక్షలో వంద ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం రావాలి. అనుభవం లేకుండా పాసైతే పేరు పక్కన "ఏ" అని తోక ఉంటుంది, అప్రెంటిస్ అని. ఆ తోక తీయించుకోవడానికి అనుభవం చూపించాలి.

ఇక్కడ కూడా తేనె పూసి చెప్పను. రేడియాలజీ లాంటి సులువు కోడింగ్‌ను మెషీన్లు ఇప్పటికే మింగుతున్నాయి. మీరు వెళ్తే ఏడాది రెండేళ్లలో ఇన్‌పేషెంట్ వైపు జరగండి. ఇరవై రోజులు ఐసీయూలో ఉన్న మనిషి చార్ట్‌ను కోడ్ చేయడం మెషీన్‌కి ఇంకా అంత సులువు కాదు. ఇంటి నుంచి పని కూడా మొదటి రోజు నుంచే రాదు. నేను చూసిన చోట్ల ఫ్రెషర్లు ముందు కొన్నాళ్లు ఆఫీసుకు రావాల్సిందే.

రిమోట్ స్క్రైబ్ ఉద్యోగాలు మీ కంటపడతాయి. డాక్టర్ పేషెంట్‌తో మాట్లాడుతుంటే ఇక్కడి నుంచి లైవ్‌గా విని రాయడం. అక్కడ పగలు కాబట్టి మనకు రాత్రంతా. రెండేళ్ల పిల్లాడితో నేను చెప్పను. పైగా ఏఐ ముందు తినేది ఈ పనినే.

ఎవరూ చెప్పని చిన్న దారి ఒకటుంది, మీ ఊళ్లోనే. స్కానింగ్ సెంటర్లలో రేడియాలజిస్ట్ చెప్తుంటే రిపోర్ట్ టైప్ చేసే వాళ్లు కావాలి. పెద్ద ఆసుపత్రుల్లో ఇన్సూరెన్స్ డెస్క్ మీద డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, ఆరోగ్యశ్రీ కాగితాలు సరిచూసే వాళ్లు కావాలి. జీతం ఘనంగా ఉండదు. కానీ రోజూ నిజమైన రిపోర్టులు చదువుతారు, అదీ ఎదురు డబ్బు కట్టకుండా. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వల్ల మన ఆసుపత్రులు కూడా మెల్లగా కంప్యూటర్ రికార్డుల వైపే నడుస్తున్నాయి. ఏడాది అలా చేసి కోడింగ్‌కి వెళ్లినవాళ్లు ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చినవాళ్ల కంటే తొందరగా అందుకోవడం నేను చూశాను.

"ఇంట్లో కూర్చుని" అన్న మాట మీద రెండు జాగ్రత్తలు. ఒకటి, అమెరికా పేషెంట్ల సమాచారం హిపా అనే అక్కడి గోప్యత చట్టం కిందికి వస్తుంది. నిజమైన కంపెనీ అయితే లాప్‌టాప్ వాళ్లే ఇస్తారు, తలుపు వేసుకునే గది అడుగుతారు, పని చేసేటప్పుడు ఫోన్ పక్కన ఉండకూడదంటారు. కొన్ని కాంట్రాక్టులు ఆ దేశం దాటి డేటా వెళ్లకూడదనే అంటాయి. రెండు, "హోమ్ బేస్డ్ ప్రాజెక్ట్" అని డిపాజిట్ అడిగేవాడు మోసగాడు. కొన్ని పేజీలిచ్చి, గడువు పెట్టి, యాక్యురసీ తగ్గిందని డబ్బు ఎగ్గొట్టి, పైగా అగ్రిమెంట్ తప్పారని లాయర్ నోటీసు పంపుతారు. మా పిన్ని కూతురికి అలాంటి నోటీసే వస్తే రెండు రోజులు అన్నం తినలేదు. ఏమీ కట్టక్కర్లేదని నేను గట్టిగా చెప్పాక ఊరుకుంది, తర్వాత వాళ్ల ఫోనే రాలేదు.

మీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లను ఒక్కటే అడగండి. పోయిన బ్యాచ్‌లో ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగంలో చేరిన ముగ్గురితో ఫోన్‌లో మాట్లాడించమనండి. కాల్ సెంటర్లో చేరినవాళ్లు కాదు. రసీదు మీద "ప్లేస్‌మెంట్" అని ఉందో "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని ఉందో కూడా చూడండి. రెండో మాటకు అర్థం మీ రెజ్యూమె నాలుగు చోట్లకు ఈమెయిల్ చేస్తామని, అంతే.

ఇంతా చదివాక కూడా ఈ వినే పని మీద మనసుంటే, డబ్బు ఖర్చు లేని పరీక్ష ఒకటి పెట్టుకోండి. యూట్యూబ్‌లో అమెరికన్ డాక్టర్ల కేస్ చర్చలు బోలెడున్నాయి. బాబు పడుకున్నాక ఒకదాంట్లో పది నిమిషాలు తీసుకుని, సబ్‌టైటిల్స్ ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాట పొల్లుపోకుండా టైప్ చేయండి. తర్వాత సబ్‌టైటిల్స్ పెట్టి పోల్చండి, ఎక్కడ మీరు తప్పో, ఎక్కడ అవి తప్పో చూడండి. సబ్‌టైటిల్స్ తప్పుల్ని పట్టగలిగితే మీకు ఈ చెవి ఉన్నట్టే, అది కోడింగ్‌లోనూ పనికొస్తుంది. ఎన్ని బ్లాంకులు వచ్చాయో ఇక్కడ రాయండి. ముప్పై వచ్చినా కంగారు లేదు, నా మొదటి ఫైల్‌లో నలభై రెండు. సున్నా అని రాస్తే మాత్రం నమ్మను.